ఎంటర్ నొక్కే ముందు



మన చిత్తూరు పల్లెల్లో రైతులు ఇంటి దగ్గర నుంచే సెల్‌ఫోన్‌తో పొలంలోని బోరు మోటారు వేస్తున్నారు, ఆపుతున్నారు. దూరాన ఉన్న సర్వర్ మీద వెబ్‌సైటును నడపడం కూడా అలాంటి పనే. మన ముందున్న కంప్యూటర్ పాతదైనా ఫరవాలేదు, అసలు పని జరిగేది అక్కడ. 1995లో ఫిన్‌లాండులో పుట్టిన ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతి ద్వారా అందులోకి వెళ్లి కమాండ్లు టైపు చేయాలి. జాంగో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కట్టిన వెబ్‌సైటులో 'మైగ్రేట్' అని కొడితే డేటాబేసు పట్టికలు కొత్త రూపానికి మారతాయి. 'ఫ్లష్' అని కొడితే వాటిలోని సమాచారమంతా పోతుంది.

ఆ 'ఫ్లష్' ఏమిటో మేము అనుభవించి తెలుసుకున్నాం. తిరుపతిలో పీజీ చదువుతూ మేము నలుగురం మన హాస్టల్ పూర్వ విద్యార్థుల కోసం ఒక వెబ్‌సైటు తయారు చేశాం. ఒక రాత్రి ప్రయోగాల సర్వర్, అసలు సర్వర్ రెండూ పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. ప్రయోగాల సర్వర్ అనుకుని అసలు దాంట్లో 'ఫ్లష్' కొట్టాం. అది 'యెస్' అంటారా, 'నో' అంటారా అని అడిగింది కూడా. మేమే 'యెస్' అన్నాం. ఊరూరికీ ఫోన్లు చేసి సేకరించిన అన్నల వివరాలు క్షణంలో పోయాయి. నోటుబుక్కులో రాసుకున్నంత వరకే మళ్లీ ఎక్కించగలిగాం.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లోని డేటాను తొలగించారు. సుమారు 6 గంటల సమాచారం తిరిగి రాలేదు. ఆ సంస్థ తప్పు దాచుకోకుండా జరిగినదంతా లోకానికి చెప్పింది.

మా తప్పు తెలిశాక, "పిల్లల చేతికి సర్వర్ పాస్‌వర్డ్ ఇవ్వకూడదు" అన్నారు కొందరు. ఈ మాటతో మేము ఏకీభవించం. ఇంట్లో సొంత కంప్యూటర్ ఉన్న కుర్రవాడు దాన్ని పదిసార్లు చెడగొట్టి నేర్చుకుంటాడు. మనవాళ్లకు మాత్రం ల్యాబ్‌లో ఏది ముట్టుకుంటే ఏమంటారో అన్న భయంతోనే కోర్సు అయిపోతుంది. తాళం దాచిపెడితే ఆ భయం పోదు. చెడగొట్టినా నష్టం లేని చోటు కావాలి.

అందుకు ఖర్చు కూడా పెద్దగా లేదు. హాస్టల్‌లో ఒక్క మంచి కంప్యూటర్ ఉంటే చాలు. లినక్స్, వర్చువల్‌బాక్స్ ఉచితమే. ఒకే యంత్రంలో కొన్ని వర్చువల్ సర్వర్లు పెట్టి, తమ్ముళ్లు వంతులవారీగా సాధన చేయవచ్చు. చెడిపోతే ముందు దాచిన స్నాప్‌షాట్‌తో నిమిషాల్లో పాత స్థితికి తేవచ్చు. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు పూనుకుంటే వచ్చే వార్షికోత్సవానికి ఇది సాధ్యమే.

తమ్ముళ్లకు ఒక్క మాట. ముందు 'హోస్ట్‌నేమ్' అని కొట్టి ఏ సర్వర్‌లో ఉన్నారో చూసుకోండి. బ్యాకప్ తీసుకోండి. ఆ తర్వాతే ఎంటర్ నొక్కండి.

మా పొరపాటు వల్ల వివరాలు పోయిన అన్నలు మమ్మల్ని మన్నించి, వాటిని మరోసారి వార్డెన్ గారికి పంపగలరని మనవి.