తంతి లేని లంకె: అమర్చుటయే చాలదు

పాఠశాల డాబామీద ఒక చిన్న పళ్ళెము. మైళ్ళ దూరమున గోపురముపై దాని కెదురుగా మరియొక పళ్ళెము. కొన్ని ఊళ్ళకు ఇంటర్నెట్టు వచ్చు త్రోవ యిదియే. పళ్ళెము కొనుటకు చందాలు వేసికొందుము. దాని అమరికలు వ్రాసి యుంచుటకు మాత్రము ఒక నోటుపుస్తకమైనను పెట్టము. ఈ విషయమై తల్లిదండ్రులకు ఒకమాట మనవి చేయవలసి యున్నది.

అమరికలు అన్నియు కలిపి పట్టుమని పది యుండవు: పౌనఃపున్యము, దాని వెడల్పు, లంకె పేరు, రహస్యపదము, ప్రసారశక్తి, దూరము మొదలైనవి. వీనిలో దూరము చిత్రమైనది. రేడియో తరంగము మైక్రోసెకండునకు 300 మీటర్లు పోవును. 10 కిలోమీటర్ల ఆవలి పెట్టెకు మాట చేరి, "అందినది" అను బదులు వచ్చుటకు ప్రయాణమే 67 మైక్రోసెకండ్లు. ఇంటివాడకమునకు చేసిన పెట్టె అంతసేపు ఓపిక పట్టదు. అందలేదనుకొని అదే మాట మరల పంపును. దూరము సరిగా అమర్పనిచో పళ్ళెములు ఎంత సూటిగా నున్నను లంకె నత్తనడకయే.

ఇక భద్రపరచుట. సిస్కోవారి పెట్టెలలో నడుచుచున్న అమరిక వేరు, ఆరంభపు అమరిక వేరు. మార్చినది రెండవదానిలోనికి ఎక్కింపక పోయినచో, కరెంటు పోయి వచ్చినంతనే పెట్టె పాతపాటే పాడును. మైక్రోటిక్ వారి పెట్టె మార్పును వెంటనే దాచుకొనును. అనగా తప్పును కూడ దాచుకొనును! అందుకే దానిలో సేఫ్ మోడ్ అను ఏర్పాటు కలదు. లంకె తెగినచో మార్పు తానే రద్దగును. రెండుకొనలను మార్చునపుడు సామాన్యముగా దూరపు కొననే ముందు మార్చవలెను. దగ్గరిది ముందు మార్చితిమా, ఆవలి గోపుర మెక్కక తప్పదు.

తరతరాలుగా తెలుగువారు స్థిరపడిన తేని ప్రాంతమున, 2005 నాటికే అరవింద్ కంటి ఆసుపత్రి, బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి ఇట్టి లంకెలతో పల్లెరోగులను వైద్యులకు చూపించిరి. 2008లో ఆ పరిశోధకులు ప్రకటించిన పత్రములో తరంగములకంటె విద్యుత్తు ఒడుదొడుకులు, స్థానికులకు తర్ఫీదు అను సంగతులకే పెద్దపీట వేసిరి. నాకును అదియే సబబని తోచుచున్నది.

మన పిల్లలు భౌతికశాస్త్రమున పౌనఃపున్యమని చక్కగా చదివినవారే. తెరమీద ఫ్రీక్వెన్సీ అని కనబడగానే అదేదో పరాయి విద్య యని వెనుకకు తగ్గుదురు. వచ్చిన పనివాడు ఏమి చేసెనో చెప్పడు, మనము అడుగము. ఉపకారవేతనపు దరఖాస్తు గడువునాడు లంకె తెగినచో నష్టపోవునది పనివాడు కాదు.

పిల్లలచేతికి రహస్యపదము చిక్కునని కొందరు పెద్దలు జంకుదురు. జంకు న్యాయమే. దానిని ప్రధానోపాధ్యాయుల బీరువాలో ముద్రవేసి యుంచుడు. మిగిలిన అమరికలు రహస్యములు కావు. 5 గిగాహెర్ట్జుల పట్టీలలో పెక్కింటిని 2018లో ప్రభుత్వమే లైసెన్సు లేకుండ వాడుకొననిచ్చినది. ప్రసారశక్తికి మాత్రము హద్దు కలదు గనుక, దేశమను గడిలో భారతదేశమునే ఎన్నుకొనవలెను.

నోటుపుస్తకమున మూడు వరుసలు చాలును: తెరమీది మాట, దాని తెలుగు, నేటి విలువ. ప్రతి మార్పునకు తేదీ, చేసినవాని సంతకము. తొమ్మిదవ తరగతివారు దీనిని వ్రాయగలరు. ప్రతి నెల ఒకమారు పెట్టె నార్పి వెలిగించి, విలువలు పుస్తకముతో సరిపోయినవో లేదో వారే చూడవచ్చును. ఆ పని పరీక్షలు లేని శనివారము పెట్టుకొనుట మేలు.