నంబర్ వన్ పిక్కా? అమ్మేయండి బాబూ!

ఏప్రిల్ నెలాఖరొచ్చిందంటే మా ఆఫీసులో ప్రతివాడూ ఓ జనరల్ మేనేజరైపోతాడు. కోడ్ రివ్యూలో పది లైన్లు చదవడానికి ఓపికుండదు గానీ, ఏ కాలేజీ కుర్రాడి అరచెయ్యి ఎన్ని అంగుళాలో మాత్రం నోటికొచ్చు. "ఈ క్వార్టర్‌బ్యాక్ కోసం ఏమిచ్చినా తప్పులేదు" అనేది ఏటా వినే పాట. అమెరికా వాళ్ళంటే సరే, పుట్టి పెరిగిందంతా ఈ గోలలోనే. కూపన్ లేనిదే పిజ్జా కూడా ఆర్డరు చెయ్యని మన తెలుగువాళ్ళు కూడా అదే పాట అందుకుంటుంటే ఒళ్ళు మండి ఇది రాస్తున్నా.

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా తిట్టుకుందురుగాని. చిత్తుగా ఓడి మొదటి అయిదు స్థానాల్లో పిక్కు తెచ్చుకున్న జట్టు దాన్ని అమ్ముకోవాలి. అమ్మబుద్ధి కాకపోతే ఉన్నచోటే కూర్చుని ఎంచుకోవాలి. ఇంకా పైకి ఎగబాకడానికి ఎదురివ్వడం మాత్రం శుద్ధ తెలివితక్కువ పని.

ఈ ఆట జోలికి పోనివాళ్ళ కోసం రెండు ముక్కలు. (అమెరికా వాళ్ళు ఫుట్‌బాల్ అని పిలిచే ఆటలో కాలికి పని తక్కువ. ఆ తగువు ఇప్పుడొద్దు.) ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టులో ఐపీఎల్ లాగా వేలంపాట ఉండదు. గల్లీ క్రికెట్లో కెప్టెన్లు "నాకు వీడు, నాకు వాడు" అని వంతులవారీగా కోరుకుంటారు చూడండి, అదే పద్ధతి. 32 జట్లు, 7 రౌండ్లు. కిందటి సీజన్లో అందరికన్నా ఎక్కువ ఓడినవాడికి మొదటి వంతు. 1936లో మొదటి డ్రాఫ్టులో కూడా ఇదే సూత్రం. ఆ వంతునే పిక్కు అంటారు. జట్లు వాటిని ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు. నేను అమ్మడం అంటున్నది అదే, డబ్బుకి కాదు, వేరే పిక్కులకో ఆటగాళ్ళకో. అన్నట్టు, 1936లో మొట్టమొదట ఎంపికైన జే బెర్వాంగర్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచి కూడా ఆడలేదు. శకునం అప్పుడే చెప్పింది, ఎవరూ వినలేదు.

ఇక ధరల సంగతి. 1990ల మొదట్లో డాలస్ కౌబాయ్స్ వాళ్ళు ఏ పిక్కు ఎంత చేస్తుందో ఒక పట్టిక వేసుకున్నారు. కోచ్ పేరు మీద జిమ్మీ జాన్సన్ చార్టు అంటారు గానీ, కూర్చుని లెక్కలు కట్టింది ఆ జట్టులో భాగస్వామి మైక్ మెకాయ్. మొదటి పిక్కుకి 3000 పాయింట్లు, రెండోదానికి 2600, మూడోదానికి 2200, పదహారోదానికి 1000. అంటే ఒకటో నంబరు కుర్రాడొక్కడు పదహారో నంబరు కుర్రాళ్ళు ముగ్గురికి సమానం! ఈ అంకెలు ఎక్కణ్ణించొచ్చాయంటారా? అంతకుముందు జట్లు ఒకరికొకరు ఎంతెంత ఇచ్చిపుచ్చుకున్నారో చూసి గీసిన గీత అది. ఆ కుర్రాళ్ళు తర్వాత ఎలా ఆడారన్నది అందులో ఎక్కడా లేదు. పక్క టీం వేసిన ఎస్టిమేట్లు చూసి మనం ఎస్టిమేట్లు వెయ్యడం లాంటిదన్నమాట. ఆ ప్రాజెక్టు నిజంగా ఎన్ని నెలలు పట్టిందో ఎవడూ అడగడు. పోనీ కౌబాయ్స్ వరకూ వాడుకున్నారా అంటే కాదు, తర్వాత్తర్వాత లీగంతా అదే చార్టు పట్టుకుని బేరాలాడింది.

ఆటగాళ్ళు ఎలా ఆడారో లెక్క చూసినవాళ్ళు ఇద్దరున్నారు. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్. 2017లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన ఆ థేలరే. 2005లో మొదట బయటికొచ్చి, 2013లో మేనేజ్‌మెంట్ సైన్స్ పత్రికలో అచ్చయిన వీళ్ళ పేపరు పేరుకి అర్థం "ఓడినవాడి శాపం". ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టు మొత్తం జీతాలకి అందరికీ ఒకటే పరిమితి. కాబట్టి కుర్రాడు ఎంత బాగా ఆడాడన్నది సగం లెక్కే. అంత బాగా ఆడే సీనియర్ని బజార్లో తెచ్చుకోవాలంటే ఎంతయ్యేది, వీడికి మనం ఎంతిస్తున్నాం, ఆ తేడా ఎంత మిగిలింది అనేదే అసలు లెక్క. వాళ్ళు ఆ మిగులు లెక్కగట్టి చూస్తే, ఎక్కువ మిగిలింది మొదటి పిక్కుల్లో కాదు, రెండో రౌండు పిక్కుల్లో. ఇంకో మాట కూడా తేల్చారు. ఒకే పొజిషన్లో ఒకడి తర్వాత ఒకడు ఎంపికైన ఇద్దర్ని తీసుకుంటే, ముందు ఎంపికైనవాడు రెండోవాడికన్నా మెరుగయ్యే అవకాశం 52 శాతం. యాభై రెండు! బొమ్మా బొరుసా వేస్తే యాభై వస్తుంది కదా. ఈ రెండు శాతం కోసమా మూడేళ్ళ పిక్కులు తగలెయ్యడం?

"అదంతా పాత డేటా" అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. నిజమే, ఒప్పుకుంటాను, అందులో సగం నిజముంది. 2010లో మొదటి పిక్కు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్ళకి 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. 2011లో కొత్త వాళ్ళ జీతాలకి గట్టి పరిమితి పెట్టాక, ఆ ఏడు మొదటి పిక్కు కామ్ న్యూటన్‌కి వచ్చింది నాలుగేళ్ళకి 2.2 కోట్లు. కాబట్టి మొదటి పిక్కు మీద కూర్చోవడం ఇప్పుడు అప్పట్లాగా శాపం కాదు. అందుకే ఉన్నచోట ఎంచుకుంటే తప్పు పట్టనన్నది. కానీ కుర్రాడి జీతం తగ్గింది గానీ, వాణ్ణి ముందే పసిగట్టే తెలివి మనకి పెరగలేదుగా! జీతంలో మిగిలిందంతా ట్రేడులో ఎదురిచ్చి పోగొట్టుకుంటే ఇక లాభమేముంది?

మా ఊరి కథే చెప్తాను. నేనుండేది షార్లెట్‌లో. బ్యాంకుల పుణ్యమా అని ఇక్కడ మనవాళ్ళు బోలెడుమంది, కాబట్టి కేరొలైనా పాంథర్స్ బాధ చాలా తెలుగిళ్ళలో తెలిసిందే. 2023 మార్చిలో తొమ్మిదో స్థానం నుంచి మొదటి స్థానానికి ఎక్కడానికి పాంథర్స్ షికాగో బేర్స్‌కి ఏమిచ్చారో చూడండి. ఆ ఏటి 9వ పిక్కు, 61వ పిక్కు, 2024 ఫస్ట్ రౌండ్ పిక్కు, 2025 సెకండ్ రౌండ్ పిక్కు. అది చాలదన్నట్టు తమ దగ్గరున్న ఒకే ఒక్క మంచి రిసీవర్ డీజే మూర్‌ని కూడా! కొత్త క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ విసిరితే పట్టుకోవాల్సిన మనిషిని ఇచ్చేసి ఆ విసిరేవాణ్ణి తెచ్చుకున్నారన్నమాట. ముక్కు అమ్మి ముక్కుపుడక కొన్నట్టు.

ఆ సీజన్లో మూర్ షికాగోకి 1364 గజాలు సాధించిపెట్టాడు. పాంథర్స్ 17 మ్యాచిల్లో 2 గెలిచారు. కోచ్‌ని సీజన్ మధ్యలోనే పంపేశారు, సీజనవగానే జనరల్ మేనేజర్ని కూడా. లీగంతటికీ ఆఖర్న నిలిచారు కాబట్టి 2024లో మొదటి పిక్కు వాళ్ళదే కావాలి. కానీ అది అప్పటికే బేర్స్ జేబులో ఉంది. బేర్స్ దాంతో కేలెబ్ విలియమ్స్‌ని తీసుకున్నారు. యంగ్‌ని రెండో సీజన్లో రెండు మ్యాచిలకే బెంచీ మీద కూర్చోబెట్టారు. తర్వాత మళ్ళీ వచ్చి బాగానే ఆడాడు పాపం, ఆ కుర్రాడి తప్పేముంది ఇందులో? 2023లో రెండో పిక్కుతో హ్యూస్టన్ తీసుకున్న సీజే స్ట్రౌడ్ మొదటి ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్. మళ్ళీ అదే 52 శాతం.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. పాంథర్స్ యజమాని డేవిడ్ టెప్పర్ డబ్బు సంపాదించిందే, అందరూ భయపడి వదిలేసిన ఆస్తుల్ని చవగ్గా కొని. 2009లో పడిపోయిన బ్యాంకు షేర్లు కొని కోట్లు గడించినవాడు, తన జట్టు దగ్గరికొచ్చేసరికి అందరూ ఎగబడుతున్న సరుకుని అత్యధిక ధరకి కొన్నాడు. వాల్‌స్ట్రీట్‌లో ఇలాంటి పని చేసిన ఉద్యోగిని ఆయనే ఉద్యోగంలోంచి పీకేసుండేవాడు.

శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు 2021లో ట్రే లాన్స్ కోసం పన్నెండు నుంచి మూడుకి ఎక్కారు. ఖరీదు మూడు ఫస్ట్ రౌండ్ పిక్కులు, పైన ఒక థర్డ్ రౌండ్ పిక్కు. రెండు సీజన్లలో కలిపి అతను మొదలుపెట్టిన మ్యాచిలు నాలుగు. 2023లో ఒక ఫోర్త్ రౌండ్ పిక్కుకి డాలస్‌కి ఇచ్చేశారు. మరి వాళ్ళని గట్టెక్కించిందెవరు? 2022 డ్రాఫ్టులో అందరికన్నా ఆఖర్న, 262వ పిక్కుగా వచ్చిన బ్రాక్ పర్డీ. ఏడాదికి పది లక్షల డాలర్లు కూడా లేని జీతంతో 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళాడు. అయితే ఇక్కడ ఒకటి గమనించాలి. వాళ్ళు మూడు ఫస్ట్ రౌండ్ పిక్కులు బూడిదలో పోసి కూడా బతికిపోయారంటే, మిగతా జట్టు అంత బలంగా ఉండబట్టి. ఓడే జట్టుకి ఆ భాగ్యం లేదు.

ఇప్పుడు మీరు "మరి మహోమ్స్?" అంటారు. ఈ వాదన ఎక్కడ మొదలైనా అక్కడికే వస్తుంది. అవును, 2017లో కాన్సస్ సిటీ 27 నుంచి 10కి ఎక్కి పాట్రిక్ మహోమ్స్‌ని తీసుకుంది, తర్వాత జరిగింది చరిత్ర. కానీ ఆ ఎక్కింది ఎవరు? అంతకుముందు సీజన్లో 12 మ్యాచిలు గెలిచిన జట్టు. అలెక్స్ స్మిత్ లాంటి నమ్మకస్తుడైన క్వార్టర్‌బ్యాక్ ఉండగానే, కొత్త కుర్రాణ్ణి ఏడాది పాటు కూర్చోబెట్టి పని నేర్పగలిగినవాళ్ళు. అన్నీ ఉండి ఒక్కటే లోటైనవాడు ఆ ఒక్కదానికి ఎక్కువ పెట్టొచ్చు. ఇరవై లోట్లున్నవాడు ఒక్కదాని మీదే అంతా పెట్టేస్తే మిగతా పందొమ్మిదీ ఎవడు పూడుస్తాడు? పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం అంటే ఇదే. అదే డ్రాఫ్టులో బేర్స్ మూడు నుంచి రెండుకి, అంటే ఒక్క మెట్టు ఎక్కడానికి మూడు పిక్కులు అదనంగా ఇచ్చి మిచ్ ట్రుబిస్కీని తీసుకున్నారు. మహోమ్స్ అప్పటికింకా మిగిలే ఉన్నాడు! ఆ దెబ్బకి నేర్చుకున్నారో ఏమో, ఆరేళ్ళ తర్వాత అమ్మేవాడి కుర్చీలో వాళ్ళే కూర్చున్నారు.

హ్యూస్టన్ కూడా 2023లో స్ట్రౌడ్‌ని తీసుకున్నాక వెంటనే మూడుకి ఎక్కి విల్ ఆండర్సన్‌ని తెచ్చుకుని లాభపడింది. కాదనను. ఒకటి రెండు లాటరీలు తగులుతాయి. తగిలినవాడి ఫోటో చూసి అందరూ టికెట్లు కొంటేనే నా గొడవ.

ఇంత తెలిసీ ఎందుకు చేస్తారు? జనరల్ మేనేజర్ బుర్రలేనివాడేం కాదు. థేలర్ వాళ్ళ పేపర్లోనే జవాబుంది. ఈ ఏడాది పిక్కు కోసం వచ్చే ఏడాది పిక్కు ఇచ్చేటప్పుడు జట్లు కట్టే వడ్డీ ఏడాదికి 136 శాతమని లెక్కేశారు. మనూళ్ళో కాల్‌మనీ వాళ్ళు కూడా సిగ్గుపడే రేటు! కానీ ఆ వడ్డీ కట్టేది సంతకం పెట్టినవాడు కాదు. వరసగా రెండేళ్ళు ఓడితే వాడెలాగూ ఉండడు. కట్టేది వాడి తర్వాత వచ్చేవాడు. డెడ్‌లైన్ కోసం టెస్టింగ్ ఎగ్గొట్టి, రిలీజ్ పార్టీలో కేకు కోసి, ప్రొడక్షన్‌లో గంటలు మోగే వేళకి వేరే ప్రాజెక్టుకి మారిపోయే మేనేజర్లని మనం చూడలేదా? రాత్రి రెండింటికి లేచి ఫోనెత్తేది సపోర్టు టీం కుర్రాడు.

అమ్మితే చాలు కప్పొచ్చేస్తుందని కూడా అనుకోకండి. 2012లో వాషింగ్టన్ ఆరు నుంచి రెండుకి ఎక్కడానికి మూడు ఫస్ట్ రౌండ్ పిక్కులూ, ఒక సెకండ్ రౌండ్ పిక్కూ సెయింట్ లూయిస్ రామ్స్‌కి ఇచ్చి రాబర్ట్ గ్రిఫిన్‌ని తీసుకుంది. మొదటి ఏడు అదరగొట్టాడు, మోకాలు పోయింది, 2016లో పంపేశారు. 2014 డిసెంబర్లో ఈ రెండు జట్లూ తలపడినప్పుడు, ఆ బేరంలో వచ్చిన పిక్కులతో తెచ్చుకున్న కుర్రాళ్ళనే రామ్స్ వాళ్ళు టాస్‌కి కెప్టెన్లుగా పంపారు. (ఇంతకన్నా అందమైన వెక్కిరింత నేను చూడలేదు.) 24-0తో గెలిచారు కూడా. కానీ ఆ సీజన్లో రామ్స్ మొత్తం గెలిచింది ఆరే. పిక్కులు బోలెడున్నా, క్వార్టర్‌బ్యాక్ కుదరకపోతే అంతే. అందుకే, మీ వంతొచ్చేసరికి మీరు నమ్మిన క్వార్టర్‌బ్యాక్ మిగిలుంటే తీసుకోండి, అది న్యాయం. ఎదురివ్వకండి, అంతే.

ఇంకో తప్పు, రన్నింగ్ బ్యాక్ మీద పెద్ద పిక్కు పెట్టడం. కొత్తవాడి జీతం పిక్కు నంబరుని బట్టి ఉంటుంది, పొజిషన్ని బట్టి కాదు. 2018లో న్యూయార్క్ జయంట్స్ రెండో పిక్కుతో సేక్వాన్ బార్క్లీని తీసుకున్నారు. నాలుగేళ్ళకి 3.1 కోట్ల డాలర్లు. అదే డబ్బుకి క్వార్టర్‌బ్యాకో, అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టేవాడో దొరికితే, బజార్లో వాళ్ళ ధరతో పోలిస్తే బోలెడు మిగిలేది. రన్నింగ్ బ్యాక్ దగ్గర మిగిలేది చిల్లర. బార్క్లీ గొప్ప ఆటగాడు, అందులో సందేహం లేదు. జయంట్స్‌తో ఆరేళ్ళుండి ఒక్కసారి ప్లేఆఫ్స్ చూశాడు. 2024లో ఫిలడెల్ఫియా వెళ్ళి, ఆ ఏడే 2005 గజాలు పరిగెత్తి సూపర్ బౌల్ గెలిచాడు. ఫిలడెల్ఫియా అతని కోసం ఒక్క పిక్కు కూడా ఇవ్వలేదు.

సరే, అమ్మేటప్పుడు ఏం అడగాలి? ఈ ఏటి పిక్కులకన్నా వచ్చే ఏటివి అడగండి. అవతలివాడు వాటిని గడ్డిపోచలా చూస్తాడు, కాబట్టి చవగ్గా ఇచ్చేస్తాడు. పైగా క్వార్టర్‌బ్యాక్ కోసం అంత ఆత్రపడేవాడి జట్టు మామూలుగా మంచిదయ్యుండదు. వాడు ఓడినకొద్దీ మీ పిక్కు పైకెక్కుతుంది. 2025 ఏప్రిల్లో 39వ పిక్కుతో బేర్స్ లూథర్ బర్డెన్ అనే రిసీవర్ని తీసుకున్నారు, ఆ సీజన్లో తమ డివిజన్ కూడా గెలిచారు. ఆ 39వ పిక్కు కేరొలైనాది. రెండేళ్ళ కిందటి బేరానికి ఆఖరి వాయిదా.