కానరాని ఆప్తులు

మనుష్యుని గుర్తించుటకు ముఖము ప్రధానమని లోకము తలచును. కాని ముఖ మెన్నడును చూడకయే కొందరిని ఆప్తులుగా భావించిన కాల మొకటి తెలుగునాట గడచినది. వారు ఏ యూరివారో, ఎట్టి రూపము గలవారో వినువారికి తెలియదు. అయినను వారి గొంతు వినబడగానే ఇంటిలోని పెద్దలు మాట చాలించెడివారు; పిల్లలు ఆట విడిచి వచ్చెడివారు. వారే రేడియో ప్రయోక్తలు, వార్తాపాఠకులు. నేడు డెబ్బది, యెనుబది యేండ్లు నిండిన తాతలను, బామ్మలను అడిగినచో, ఆనాటి ప్రసంగములలోని విషయములు మరచియుండవచ్చును గాని ఆ గొంతులను ఇంకను తలచుకొందురు. ఈ జ్ఞాపకమును వట్టి ముచ్చటగా కొట్టివేయరాదు. మాట యెట్లుండవలెనో నేర్పెడి పాఠ మొకటి దీనియందు కలదు.

1938 జూన్ 16వ తేదీన మద్రాసు రేడియో కేంద్రము ప్రారంభమైనది. ఆంధ్రదేశమువారికి తెలుగు కార్యక్రమములు తొలుత అచటినుండియే వినవచ్చెను. నిజాము పాలనలోని హైదరాబాదునందు దక్కను రేడియో ఉండెడిది. 1950లో అది ఆలిండియా రేడియోలో చేరినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. ఆ దినములలో రేడియో యంత్రమును కొనుట సామాన్యులకు సాధ్యము కాదు. కొన్నవారును తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెను. అందుచే పెక్కు గ్రామములలో పంచాయతీ యంత్రమే ఊరందరి సొత్తు. ప్రొద్దుగ్రుంకిన పిదప రైతులు, కూలీలు, బడిపిల్లలు దాని చుట్టును చేరెడివారు. ఒకే గొంతు ఇందరికి ఒక్కమారుగా వినబడుటచే దాని కొక పెద్దరికము సిద్ధించినది.

ఆ పెద్దరికమును పసిపిల్లలకొరకు వినియోగించిన దంపతులు న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు. వారి పేళ్లకంటె 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య' అను పిలుపులే లోకమునకు ఎక్కువగా తెలియును. అంతకుముందు పిల్లలు పెద్దల సభలలో ఒక మూల కూర్చుండి వినవలసినవారే. రేడియో అన్నయ్య వారిని మైకు ముందునకు పిలిచి పాడించెను, ఆడించెను, కథలు చెప్పించెను. 1945లో ఆ దంపతులు 'బాల' అను మాసపత్రికను స్థాపించిరి. తరువాతి కాలమున తెలుగువారి కెంతో ప్రియులైన బాపు, ముళ్లపూడి వెంకటరమణలు బాల్యమున ఆ పత్రికలో తమ గీతకును వ్రాతకును తొలి ప్రోత్సాహము పొందినవారే. మద్రాసునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పిదపను ఆ దంపతులు బాలానంద సంఘమును నడిపి, జీవితాంతము పిల్లలకొరకే పాటుపడిరి. రేడియోలో పలికిన ఆప్యాయత నిజముగా హృదయమున నున్నదే యని ఆ జీవితము నిరూపించినది. వినువారు గొంతులోని కపటమును ఎంతో కాలము గుర్తింపకుండ నుండరు. పిల్లలు అసలే యుండరు.

వార్తలు చదువుట వేరొక విద్య. ఢిల్లీనుండి వెలువడు తెలుగు వార్తలకు మూలము సాధారణముగా ఇంగ్లీషులో నుండెడిది. దానిని స్వల్పకాలములో తెలుగు చేసి, విదేశీయుల పేళ్లను, అంకెలను తడబడక, కొన్ని నిమిషములలో చదివి ముగింపవలెను. తన యిష్టాయిష్టములు గొంతులో తొంగిచూడరాదు. విజయవార్తకు పొంగరాదు, మరణవార్తకు కుంగరాదు. అట్లని రాయివలె పలుకనురాదు. అద్దంకి మన్నారుగారి పేరు ఈ విద్యలో చిరకాలము వినబడినది. చిత్రనటుడుగా ప్రసిద్ధి కెక్కుటకు ముందు కొంగర జగ్గయ్యగారును ఢిల్లీలో తెలుగు వార్తలు చదివినవారే. 1967లో ఆయన ఒంగోలు నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికైరి. నటులుగా, నాయకులుగా ఎంత యెదిగినను, తెలుగువా రాయనను మొట్టమొదట 'కంచుకంఠము'గానే తలచుకొందురు.

చలనచిత్ర గీతములకు 1950ల నడుమ ఆకాశవాణిలో ఆదరణ తగ్గినప్పుడు శ్రోతల చెవులు సముద్రము దాటి సిలోనువైపు తిరిగినవి. అచటినుండి మీనాక్షీ పొన్నుదురైగారు తెలుగులో పాటలను పరిచయము చేయుచుండగా, ఇచట ఎందరో యంత్రపు ముల్లును మెల్లమెల్లగా త్రిప్పుచు, బరబర ధ్వనుల నడుమ ఆ పలుకులకై వెదకెడివారు. 1957లో వివిధభారతి ప్రారంభమగుటకు ఇట్టి శ్రోతల అభిరుచియే ప్రధాన కారణము. వినువారి మనస్సు ఎటు పోవుచున్నదో గ్రహింపని సంస్థ నిలువజాలదని దీనివలన తెలియుచున్నది.

విజయవాడ కేంద్రమునుండి ఉషశ్రీగారు చెప్పిన రామాయణ భారతములు మరియొక వింత. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. ఆదివారము మధ్యాహ్నము ఆయన గొంతు ఇంటింట మ్రోగెడిది. ఆ వేళ వీధిలో నడచిపోవువాడు ఒక్క మాటయైనను కోల్పోక కథ యంతయు వినగలిగెడివాడని పెద్దలు చెప్పుదురు. పండితుల కెరుకయైన గ్రంథమును వంట చేసికొనుచున్న యిల్లాలికి, పొలమునుండి వచ్చిన సేద్యగానికి అందునట్లు చెప్పుటయే ఆయన ప్రజ్ఞ.

1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రసారముల నారంభించినది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్‌గారు తెరపై తొలి తెలుగు వార్తలు చదివిరి. చదువువాని కనుల యెదుట అక్షరములు కదలెడి యంత్రము అప్పటికి రాలేదు. కాగితముపైని విషయమును ముందే మనసున పదిలపరచుకొని, చూపరుల కన్నులలోనికి చూచుచు చెప్పవలసి యుండెను. ఆయన 2024 ఏప్రిల్‌లో కన్నుమూసినప్పుడు, ఆయనను ఒక్కనాడును కలిసికొనని ఎందరో స్వజనుని కోల్పోయినట్లు వగచిరి.

వీరందరిని లోకము ఇంతగా ప్రేమించుటకు కారణమేమి? గొంతులోని మాధుర్య మొక్కటియే యని చెప్పరాదు. అంతకంటె మధురముగా పలుకువారు ఏ కాలమునను కలరు. కానరాని శ్రోతను వీరు గౌరవించిరి. తప్పు పలికిన దిద్దుటకు వాడు ఎదుట లేడు. విసుగుపుట్టిన లేచి పోవుటయు కంటికి కనబడదు. అట్టివాని యెడల కూడ శ్రద్ధ చూపుట గొప్ప సంస్కారము. పలుకబోవు మాటను ముందుగా చదివికొని, అర్థము తెలిసికొని, ఎచట ఆగవలెనో నిర్ణయించుకొని మైకు ముందు కూర్చుండుట వారి నియమము. లక్షలమంది వినుచున్నను ఒక్కనితో మాటలాడినట్లు పలుకుట వారి నేర్పు.

ఈ శ్రద్ధయే నమ్మకమునకు మూలమైనది. నమ్మిక గలిగిన మాట పంట పండించునని పొరుగున నున్న తమిళనాడు చరిత్ర చెప్పుచున్నది. 1960లలో తంజావూరు ప్రాంతమున ఏ.డి.టి. 27 అను క్రొత్త వరిరకమును గూర్చి తిరుచ్చి రేడియో రైతులకు బోధించినది. రైతులు విని, నమ్మి, నాటిరి. తుద కా వరికి 'రేడియో వరి' యనియే పేరు నిలిచినది. రైతు విత్తనమును మార్చుట తన యేడాది కూటిని పణము పెట్టుటయే. అట్టి సాహసమునకు ఒక కానరాని గొంతును ఆధారముగా చేసికొనెనన్నచో, ఆ గొంతు మోయు బాధ్యత యెంతటిదో ఊహింపవచ్చును.

నాడు కేంద్రములు ఒకటి రెండే యుండుటచే జనులు వేరు గతిలేక వినిరని కొందరందురు. ఇందు కొంత నిజము కలదు. నాటి ప్రసారములలో కోస్తా జిల్లాల చదువరుల భాషయే ప్రమాణముగా చెల్లుచుండెను. తెలంగాణమువారి నుడికారమునకును, రాయలసీమ, ఉత్తరాంధ్రముల పలుకుబడికిని తగిన చోటు దొరకలేదు. ప్రభుత్వమునకు రుచింపని మాటయు అరుదుగనే వినబడెడిది. నేడు కేంద్రములు పెక్కు, యాసలు పెక్కు, ప్రశ్నించు గొంతులును పెక్కు. ఇది మేలే. కాని శ్రద్ధకు యాసతో పనిలేదు. ఏ సీమ పలుకైనను స్పష్టముగా, సత్యముగా, ఎదుటివానిని తక్కువచేయక పలుకవచ్చును. నలుగురు ఒక్కసారిగా అరచుచు ఒకరి మాట నొకరు త్రుంచుకొనెడి చర్చలను చూచినప్పుడు, గొంతులు పెరిగినను వినికిడి తగ్గినదని ఒప్పుకొనక తప్పదు.

మరియొక నష్టమును గూర్చియు తలపవలెను. తొలినాటి ప్రసారములు పెక్కు నేరుగా గాలిలోనికి పోయి గాలిలోనే లీనమైనవి. ధ్వనిముద్రణ వచ్చిన పిదపను టేపు వెల హెచ్చగుటచే, ఒకదానిని చెరిపి దానిపైననే మరియొకటి ముద్రించు వాడుక యుండెను. ఉషశ్రీగారి ప్రసంగములు కొన్ని దక్కినవి గనుక నేటి బాలురును వినగలుగుచున్నారు. దక్కని గొంతులు ముసలివారి జ్ఞాపకములలో మాత్రమే మిగిలియున్నవి. ఆ జ్ఞాపకములును వారితోనే పోగలవు. తాళపత్రములను, శాసనములను కాపాడినట్లే మిగిలిన ధ్వనిముద్రికలను కాపాడుట ప్రభుత్వమునకును, ప్రజలకును కర్తవ్యము. పాతపెట్టెలలో నున్న కేసెట్టులను పారవేయకుండుట, తాతలు విన్న గొంతులను గూర్చి వారినడిగి వ్రాసికొనుట విద్యార్థులకు సైతము సాధ్యమైన సేవయే.

నేడు ప్రతివాని చేతిలోను ఫోనున్నది; తలచినచో ఎవరైనను తమ గొంతును వేలమందికి వినిపింపవచ్చును. ఒకప్పుడు కొద్దిమందికే యుండిన బాధ్యత ఇప్పు డందరి భుజములపైకిని వచ్చినది. నోరు మంచిదైన ఊరు మంచిదని పెద్దలు చెప్పిన సామెత మైకునకును వర్తించును. ఎదుటివాడు కనబడనప్పుడు సైతము అతడు వినుచున్నాడని తలచి మాటలాడుటయే ఆ కానరాని ఆప్తులకు మనము తీర్చవలసిన ఋణము.