వయస్సు ప్రమాణము కాదు

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ ఖ్యాతిలో నేలకెంత పాలు కలదో తలనెరసిన రైతుల అనుభవమునకును అంత పాలు కలదు. అయినను, కర్ణాటక సరిహద్దుకు చేరువనున్న ఈ వికారాబాదు, తాండూరు సీమలో, పసిబిడ్డ జ్వరము తగ్గకున్నను, పాడిగేదె పాలివ్వకున్నను, బాణామతి యను చేతబడి చేసినదెవ్వరని వెదకు కన్ను తరచుగా పోయి నిలుచునది అట్టి నెరసిన తలపైననే. అందునను మగని కోల్పోయి ఒంటరిగా బ్రదుకు ముసలిదానిపైన. ఆమె నేరమేమి? ముడుతలు పడిన మొగము, తనలో తాను గొణుగుకొను అలవాటు, నిదుర పట్టక రాత్రి వాకిట తిరుగుట. ఇవి వార్ధక్య లక్షణములే కాని మంత్రశక్తికి నిదర్శనములు కావు.

ఆ ముసలిదానిని శంకించిన నోటితోనే మనము ‘పెద్దల మాట చద్దిమూట’ యందుము. బాణామతి యెట్లు పనిచేయునని పదునాలుగేండ్ల పిల్ల అడిగినచో, గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్లున్నదని గద్దింతుము. ఒకచోట వయస్సు దోషమునకు సాక్ష్యము, మఱొకచోట సత్యమునకు ముద్ర. రెండును ఒకే భ్రాంతి. మన న్యాయదర్శనము ఆప్తవాక్యమును ప్రమాణముగా నంగీకరించినదే కాని, ఆప్తుడనగా విషయము నెఱిగి యథార్థము పలుకువాడనియే చెప్పినది. ఋషియైనను మ్లేచ్ఛుడైనను ఆప్తుడు కావచ్చునని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించెను. అందు ఏండ్ల లెక్క లేదు.

అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1969లో ఈ వయోవివక్షకు ఒక పేరు పెట్టెను. మన పల్లెలకది పేరు లేకయే చిరపరిచితము. దాని నివారణకు చట్టమును, విద్యను, తరముల నడుమ సాంగత్యమును సాధనములుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. కావున తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నీతివాక్యములు వల్లింపజేయుట చాలదు. ‘ముసలామె చూపు మంచిది కాదు’ అను మాటను నల్లబల్లపై వ్రాసి, ఎవరు చూచిరి, ఎట్లు తెలిసెను, వేఱు కారణమేదియు లేదా, ఈ మాటనే పడుచువానిపై అందురా యని ఒక్కొక్కటిగా అడిగింపవలెను. పిమ్మట ఆ పిల్లలను వృద్ధుల వాకిళ్లకు పంపి, వారి కథ వారి నోటనే విని రమ్మనవలెను.

1976లో రాజ్యాంగమున చేరిన 51-ఏ అధికరణము శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకొనుట పౌరుని విధియని చెప్పుచున్నది. ఉపాధ్యాయులారా, ఒకనాడు మీ తరగతిలో ఒక బాలిక లేచి, మీ మాటకే ప్రమాణమేమని అడిగినచో కోపింపకుడు. పాఠము ఫలించినదని యెంచుడు.