మన టీలో మన పాలెంత?

ఇంటికి ఎవరైనా వస్తే మనం మొదట అడిగే మాట "టీ తాగుతారా, కాఫీయా?" అని. చక్కెర ఎంత వెయ్యాలో, పాలు చిక్కగా ఉండాలో పలచగా ఉండాలో కనుక్కుని మరీ కలుపుతాం. ఇంట్లోవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయనకి కడక్‌గా ఉండాలి. మామగారికి చక్కెర లేకుండా ఇవ్వాలి. అత్తగారికి అల్లం దంచి వెయ్యాలి. కాలేజీకెళ్లే అబ్బాయికి యాలకుల వాసన లేకపోతే గొంతు దిగదు. ఇన్ని రుచులు గుర్తుపెట్టుకునే ఇల్లాలిని "మరి నీకెలా ఉంటే ఇష్టం?" అని అడిగి చూడండి. చాలామంది నవ్వేసి, "నాకేముంది, ఏదైనా ఒకటే. మిగిలింది తాగేస్తా" అంటారు.

ఆ "ఏదైనా ఒకటే" అనే మాట గురించే ఈ వారం రాయాలనిపించింది. టీ పొడిని మనకి కావలసినట్టు ఇంట్లోనే కలుపుకోవచ్చునని చెప్పడం పైకి చిన్న సంగతే. కానీ రోజుకి రెండు మూడుసార్లు మన నోట్లోకీ ఒంట్లోకీ వెళ్లే వస్తువు విషయంలో మనకంటూ ఒక ఇష్టం, ఒక లెక్క ఉండాలా వద్దా అన్నది చిన్న సంగతి కాదంటాను.

అసలు మనం బజార్లో కొనే ప్యాకెట్టులో ఏముంటుంది? ఏదో ఒక తోటలో కోసిన ఒకే రకం ఆకు అనుకుంటాం. కాదు. కోల్‌కతా, గువాహటి, కూనూరు, కొచ్చి వంటి కేంద్రాల వేలంలో కంపెనీలవాళ్లు ఎన్నో తోటల పొడులు కొంటారు. రుచి చూసే నిపుణులు పాళ్లు కడతారు. ఒక్కో కాలంలో ఒక్కో రుచి ఇచ్చే ఆకుని ఏడాది పొడుగునా ఒకే రుచితో అమ్మాలంటే కలపక తప్పదు మరి. అంటే మన డబ్బాలో ఉన్నది ఇప్పటికే కలిపిన పొడి! కాకపోతే, లక్షల ఇళ్లకి ఒకటే నాలుక అనుకుని ఎవరో కలిపినది.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. అస్సాంలోనైనా నీలగిరుల్లోనైనా తోటల్లో వీపున బుట్ట కట్టుకుని ఆకు కోసేవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లే. 2015 సెప్టెంబరులో కేరళలోని మున్నార్‌లో బోనస్ తగ్గించారని వేలాదిగా రోడ్డెక్కి, పట్టుబట్టి సాధించుకున్నది కూడా ఆ ఆకు కోసే ఆడవాళ్లే. ఇటు వంటింట్లో టీ కాచేదీ ఎక్కువగా మనమే. మధ్యలో ఏ పొడిలో ఏది ఎంత కలపాలో తేల్చే బల్ల దగ్గర మాత్రం చాలాకాలం మగవాళ్లే కనిపించారు. పాళ్లు కట్టడం మనకి రాదా? ఆవపిండి, కారం, ఉప్పు, నూనె లెక్క తప్పకుండా ఏటా ఆవకాయ కలిపే చేతులకి టీ పొడి ఒక లెక్కా!

టీ మన ముత్తాతల కాలం నాటి అలవాటేమీ కాదు. దేశంలో తోటలు 19వ శతాబ్దంలోనే వచ్చినా, ఆ టీ ఎక్కువగా విదేశాలకే వెళ్లిపోయేది. మనవాళ్లకి అలవాటు చెయ్యడానికి 20వ శతాబ్దం మొదటి సగంలో టీ వ్యాపారుల సంఘాలు పెద్ద ప్రచారమే చేశాయి. సంతల్లో, రైల్వే స్టేషన్లలో, ఇళ్లకి కూడా వెళ్లి ఎలా కాచాలో చూపించారు. వాళ్లు చూపించిన పద్ధతి ఒకటి, మనవాళ్లు పట్టుకున్న పద్ధతి ఇంకొకటి. పాలు ఎక్కువ పోశారు, అల్లం దంచారు, యాలకులు వేశారు. మసాలాలు పడితే ఆకు వాడకం తగ్గుతుందని అది ప్రచారకులకి అంతగా నచ్చలేదు. అయినా చివరికి నిలిచింది మన టీయే. కాబట్టి సొంతంగా కలుపుకోవడం కొత్త ఫ్యాషనేం కాదు. మొదటినుంచీ మనవాళ్లు చేస్తున్న పనే.

సరే, ఎలా మొదలుపెట్టాలి? ముందు పొడుల స్వభావం తెలుసుకోవాలి. అస్సాం టీ మంచి రంగు, చిక్కదనం ఇస్తుంది. పాలు పోసినా తట్టుకుంటుంది. నీలగిరి టీలో సువాసన, చురుకుదనం ఉంటాయి. డార్జిలింగ్ టీ సున్నితం. పాలు పోస్తే దాని వాసన కాస్తా మునిగిపోతుంది. అంత ధర పెట్టి కొని పాలలో ముంచడం దండగ. దాన్ని పాలు లేకుండానే తాగాలి. మనం రోజూ వాడే గింజల్లాంటి పొడిని సీటీసీ అంటారు. ఆకుని యంత్రంలో నలిపి, చీల్చి, చుట్టి చేస్తారు కనుక ఆ పేరు. ఇంకా మెత్తగా ఉండేది డస్ట్ టీ. అది త్వరగా రంగు దిగుతుంది. మన దక్షిణాదిలో దాని వాడకం ఎక్కువ.

ఒక్క జాగ్రత్త. గింజ పొడిలో గింజ పొడినే కలపాలి, మెత్తని దానిలో మెత్తనిదే. పెద్ద ఆకు, మెత్తని పొడి కలిపితే మెత్తనిది డబ్బా అడుగుకి జారిపోతుంది. మొదటి వారం టీ పలచగా, ఆఖరి వారం చేదుగా వస్తుంది. పైగా మెత్తని పొడి చటుక్కున దిగిపోతుంది, ఆకు నెమ్మదిగా దిగుతుంది. రెండూ ఒకే గిన్నెలో కుదరవు.

మొదటిసారి కొంచెమే కలపండి. అస్సాం పొడి 30 గ్రాములు, నీలగిరి పొడి 10 గ్రాములు. అంటే మూడు పాళ్లకి ఒక పాలు. రుచి చూడ్డానికి పాలు, చక్కెర వద్దు. 100 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లకి 2 గ్రాముల పొడి, మూతపెట్టి 6 నిమిషాలు. ప్రపంచమంతా టీ రుచి పరీక్షకి వాడే కొలత ఇదే. అస్సాం ఒక కప్పులో, నీలగిరి ఒక కప్పులో, కలిపింది మూడో కప్పులో వడగట్టి పక్కపక్కన పెట్టుకోండి. రంగు చూడండి. వాసన చూడండి. ఒక్కో గుక్క తాగి మధ్యలో మంచినీళ్లతో నోరు పుక్కిలించండి. ఏది వగరు, ఏది కమ్మన అన్నది అప్పుడు తెలుస్తుంది. ఆ తరవాత పాలు పోసి మళ్లీ చూడండి. నచ్చిన పాళ్లు పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఓ మూల రాసి పెట్టుకోండి. ఈ రుచి ఇంట్లో అందరికీ నచ్చాలని లేదు. ముందు మీకు నచ్చాలి.

మసాలా టీ కావాలంటే 100 గ్రాముల పొడికి యాలకులు 5 గ్రాములు, శొంఠి 5 గ్రాములు, దాల్చినచెక్క 2 గ్రాములు, మిరియాలు, లవంగాలు ఒక్కో గ్రాము చొప్పున సరిపోతాయి. యాలకులు, దాల్చినచెక్క, మిరియాలు, లవంగాలు చిన్న మంట మీద కాస్త వెచ్చబెట్టి, చల్లారాక శొంఠితో కలిపి పొడి కొట్టాలి. మిక్సీ వేడి పూర్తిగా పోయాకే టీ పొడిలో కలపాలి. అందులో తడి తగిలేది ఏదీ వెయ్యకూడదు. పచ్చి అల్లం, పచ్చి తులసి, పుదీనా ఏవైనా సరే గిన్నెలో వెయ్యాలి గానీ డబ్బాలో వెయ్యకూడదు. చెమ్మ చేరితే బూజు పడుతుంది. అల్లం వేస్తే పాలు విరిగిపోతున్నాయని కొందరు బాధపడుతుంటారు. పచ్చి అల్లానికి పాలని విరిచే గుణం ఉంది. ముందు నీళ్లలో బాగా మరిగించి, ఆ తరవాత పాలు పోస్తే ఆ గుణం పోతుంది.

టీ పొడి పక్కవాటి వాసన ఇట్టే పీల్చుకుంటుంది. ఇంగువ డబ్బా పక్కనా, సాంబారు పొడి పక్కనా పెట్టకండి. పొయ్యి దగ్గరి వేడీ, కిటికీ దగ్గరి ఎండా పనికిరావు. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా మంచిది. ఒక నెలకి సరిపడా కలుపుకుంటే చాలు. ఎక్కువ కలిపితే మసాలాల ఘాటు పోతుంది.

విడిగా అమ్మే పొడి కొనేవాళ్లు ఒకటి రెండు పరీక్షలు చేసుకోవాలి. తెల్లని వడపోత కాగితం మీద కాస్త పొడి పరిచి నీళ్లు చిలకరించండి. కాసేపాగి పొడి తీసేసి కాగితాన్ని కడిగి, వెలుతురులో చూడండి. ముదురు మరకలు పడితే రంగు కలిపారన్నమాట. వాడేసిన పొడికి రంగేసి మళ్లీ అమ్మే ప్రబుద్ధులున్నారు! ఇనుపరజను ఉందేమో తెలియాలంటే పొడి మీద అయస్కాంతం తిప్పి చూస్తే సరి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇళ్లలో చేసుకోమని చెబుతున్న పరీక్షలే ఇవి. ప్యాకెట్టు కొనేవాళ్లు దాని మీది చిన్న అక్షరాలు చదవాలి. యాలకుల బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల యాలకులున్నట్టు కాదు. కొన్నిటిలో ఉండేది వాటి వాసన మాత్రమే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైనే. టీలోని టానిన్లు అన్నంలోని, ఆకుకూరల్లోని ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తరవాత టీ, కాఫీలు వద్దని చెప్పింది. కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదంది. ఒక్కో టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల దాకా ఉంటుందట. పొద్దున్నే అందరికీ టిఫిన్లు పెట్టి, తను మాత్రం టీతో సరిపెట్టుకుని, ఆ తరవాత తినీ తినక మళ్లీ టీ తాగే ఇల్లాలి ఒంట్లో రక్తం ఎలా నిలుస్తుంది? డాక్టరిచ్చిన ఐరన్ మాత్రని టీతో మింగేవాళ్లు కూడా ఉన్నారు. మాత్ర దండగ, డబ్బూ దండగ.

అందుకే నేను చెప్పేది రెండు డబ్బాలు పెట్టుకోమని. ఒకటి టీ పొడిది. రెండోది టీ ఆకు లేనిది. నీడన ఎండబెట్టిన నిమ్మగడ్డి రెండు పాళ్లు, ఎండు పుదీనా ఒక పాలు, సోంపు ఒక పాలు. చెంచాడు మరిగే నీళ్లలో వేసి మూతపెట్టి 5 నిమిషాలుంచితే చాలు. ఇందులో కెఫీన్ లేదు. సాయంత్రం పొద్దుపోయాక ఏదైనా వేడిగా తాగాలనిపిస్తే ఇది హాయి. నిజానికి దీన్ని టీ అనకూడదు, మన భాషలో కషాయం. ఏ పేరైతేనేం! దగ్గుకి మంచిదని ఇందులో అతిమధురం వేసేవాళ్లున్నారు. బీపీ ఉన్నవాళ్లు రోజూ వాడితే అది బీపీని ఇంకా పెంచుతుంది. గర్భిణులు, బిడ్డకి పాలిచ్చే తల్లులు, రోజూ మందులు వాడేవాళ్లు మూలికలు ఏవైనా సరే డాక్టరుని అడిగే వాడాలి.

"ఉన్న పని చాలక ఇదొకటా!" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. న్యాయమే. ఉద్యోగం చేసి వచ్చి, గిన్నెలు తోమి, పిల్లల చదువులు చూసుకునేసరికి పదవుతుంది. కానీ ఇది నెలకి అరగంట పని. ఆ అరగంట కూడా మీరొక్కరే కూర్చోవాలని ఎవరన్నారు? తూచడం, కలపడం, దంచడం ఆయనా చెయ్యగలరు, అబ్బాయీ చెయ్యగలడు. కడక్ టీ కావాల్సినవాళ్లు కడక్ టీ పాళ్లు నేర్చుకుంటే తప్పేముంది? హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా మరిగించి గంటల తరబడి ఓపిగ్గా కలిపేది మగవాళ్లే కదా! అక్కడ వచ్చిన విద్య ఇంటికొచ్చేసరికి ఎందుకు రాదో వాళ్లనే అడగండి.

ఇష్టం అనేది కూడా అలవాటే. "ఏదైనా ఒకటే" అని పాతికేళ్లు అంటూ ఉంటే చివరికి నిజంగానే మన రుచి మనకి గుర్తుండదు. టీ దగ్గర "నాకిది కావాలి" అని చెప్పగలిగిన మనిషికి కూర దగ్గరా చీర దగ్గరా, రేపు ఇంకాస్త పెద్ద విషయం దగ్గరా ఆ మాట నోట రావడం అంత కష్టం కాదు.

ఈ ఆదివారం మూడు కప్పులు పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. నచ్చిన పాళ్లు ఒక చీటీ మీద రాసి, దాని కింద మీ పేరు రాసి డబ్బాకి అతికించండి. భోజనానికీ టీకీ మధ్య గంట తేడా ఉండాలని కూడా అదే చీటీ మీద రాయండి. వేడిగా ఉన్నప్పుడే, కూర్చుని తాగండి. మీ పాళ్లు ఎలా కుదిరాయో మాకు ఉత్తరం రాస్తే మిగతా పాఠకులకి కూడా చెబుదాం.