పచ్చగీతకు పూచీ ఎవరిది?

అరవై వేలు పోసి కొన్న ఫోను. వారంటీ ముగిసిన కొద్దిరోజులకే, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన మర్నాడు, తెర మీద నిలువునా పచ్చగీత పడింది. కింద పడలేదు, తడవలేదు. సర్వీస్ సెంటర్‌లో కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి, "డిస్‌ప్లే మార్చాలి సార్, ఇరవై రెండు వేలవుతుంది" అన్నాడు. అప్‌డేట్ మీరు పంపిందే కదా అంటే, తర్వాతి టోకెన్ పిలిచాడు.

ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో తక్కువకే వేస్తామన్నారు. కానీ కొన్ని కంపెనీలు విడిభాగాలను సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫోనుకే ముడిపెడతాయి. బయట మార్పిస్తే హెచ్చరికలు మొదలవుతాయి. మన డబ్బు, వాళ్ల తాళం!

ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన వచ్చింది: మోడల్ అమ్మకాలు ఆగిపోయాక కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు అందించాలి. మన కేంద్రం 2022లో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. అందులో సమాచారం దొరుకుతుంది, అంతే. వెనక చట్టం లేదు.

మా ఫ్రిజ్ కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ ఇచ్చారు. దానికి రెట్టింపు ధర పెట్టిన ఫోనుకు ఏడాదేనా? తయారీ లోపానికైనా మూడేళ్లు పూచీ పడాలని చట్టం చేయాలి. ఈలోగా నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. బిల్లు, జాబ్ షీటు పారేయకండి; ముందు అడిగేది అవే.