ఆటలు నేర్పువారి నిలుకడ



నిరుడు వేసవిలో మేము దివిసీమకు పోయియుంటిమి. నాగాయలంక చెంతనున్న యొక గ్రామములో మాకు పరిచయమైన గృహిణి యొకరు కలరు. ఆమె కుమార్తె డిగ్రీ చదువుచున్నది. మొదటి యేట కబడ్డీలో కళాశాల జట్టుకు ఎన్నికై, ఊరి వారందరిచే మెప్పుపొందిన ఆ బాలిక, మూడవ యేటికి మైదానము మొగమే చూచుట లేదు. కాలు నొచ్చినదేమో యని అడిగితిమి. తల్లి యిట్లు చెప్పినది:

“కాలికేం కాలేదండీ. మొదటేడు ఆటల మేడమ్ గారు మా యింటికి వచ్చి, మా ఆయనతో మాట్లాడి ఒప్పించారు. సాయంత్రం బస్సు వచ్చేదాకా పిల్లల దగ్గరే నిలబడేవారు. మరుసటేడు ఆమె లేరు. తరవాత వచ్చినాయన ఆరు నెలలే ఉన్నారు. ఇప్పుడు ఎవరున్నారో మాకు తెలియదు. చీకటిపడే వేళ ఎవర్ని నమ్మి పిల్లని ఉంచమంటారు?”

ఈ ప్రశ్నకు మేము అప్పుడు ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ఇంటికి వచ్చిన పిదప దీనిని గూర్చి చాల ఆలోచించితిమి.

ఆ బాలిక ఆట మానుటకు ఆమె యశక్తి కారణము కాదు. తండ్రి మూర్ఖత్వమును కారణము కాదు. ఒక మనిషిపై నుంచిన నమ్మకము, ఆ మనిషితో గూడ వెడలిపోయినది. డ్రిల్లు మాస్టారు మారినచో మగపిల్లలు ఏ ఖాళీ స్థలములోనో తమంతట తామే ఆడుకొందురు. ఆడపిల్లలకు ఆ వసతి లేదు. వారికి మైదానమునకు ద్వారము తెరచునది ఇంటివారి యనుమతి. ఆ యనుమతి తెచ్చునది ఉపాధ్యాయుల పరిచయము. కావున ఆటలు నేర్పువారు ఏటేట మారు చోట మొదట నష్టపోవునది ఆడపిల్లలే.

నిలుకడ యొక్క విలువ మన బందరు వారికి క్రొత్తది కాదు. నోబుల్ దొర 1843లో ఇచ్చట పాఠశాల తెరచి, 1865లో మరణించు వరకు, అనగా 22 సంవత్సరములు, ఆ పనిలోనే యుండెను. ఆయన మతప్రచారముతో నేకీభవింపని వారు సైతము ఆయన పట్టుదలను కాదనలేరు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిన కోపల్లె హనుమంతరావు గారు 1922లో కన్నుమూయు వరకు దానికే తమ జీవితము నర్పించిరి. చదువు విషయమున మన మింత తెలిసినవారమై యుండియు, ఆటల విషయమున మాత్రము ఎవరు వచ్చినను ఎవరు పోయినను ఒక్కటే యని తలచుచున్నాము.

ఆటల యందును ఇదే న్యాయమని చూపుటకు దూరదేశపు ఉదాహరణ మొకటి చెప్పెదము. అమెరికా కళాశాలలలో మంచుగడ్డపై నాడు హాకీకి గొప్ప యాదరణ కలదు. జోళ్లకు ఉక్కు బద్దలు బిగించి, నున్నని మంచుపై జారుచు ఆడెదరు. ఓడిన శిక్షకుని తొలగించుట అచ్చటను కలదు. అయినను కొన్ని కళాశాలలు ఓపిక పట్టినవి. మిషిగన్ విశ్వవిద్యాలయము వారు 1984లో రెడ్ బెరెన్‌సన్ అను నాతనికి జట్టు నప్పగించిరి. మొదటి మూడేండ్లును గెలుపులకంటె ఓటములే హెచ్చు. అయినను ఆతనిని పంపివేయలేదు. పండ్రెండవ యేట, 1996లో, ఆ జట్టు జాతీయ విజేత యైనది. 1998లో మరల గెలిచినది. ఆతడు 2017 వరకు అచ్చటనే యుండెను.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు స్త్రీల జట్టు కథ మన కింకను ముఖ్యము. మార్క్ జాన్సన్ 2002లో ఆ జట్టు భారము వహించెను. నాలుగవ యేట, 2006లో, మొదటి జాతీయ విజయము లభించినది. 2025 నాటికి అట్టివి ఎనిమిది యైనవి. అచ్చటి చదువు నాలుగేండ్లు. మొదటి దినమున తన యాట చూచిన గురువే కడపటి దినము వరకు తోడుండునని ఆ జట్టులో చేరు బాలిక నమ్మవచ్చును. ఆ నమ్మకమే సగము బలము.

అయితే ఎక్కువ కాల ముండుటయే గొప్ప యని మేము చెప్పము. హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాలు జట్టుకు సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1950 నుండి 1963లో మరణించు వరకు శిక్షకులుగా నుండిరి. ఆయన మొదట బడిపంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచినది. 1956 ఒలింపిక్సులో నాలుగవ స్థాన మందినది. ఆయన పోయిన పిదప ఆ బంగారు పతకము మనకు మరల రాలేదు. ఒక్కరే స్తంభమై నిలిచిన యిల్లు, ఆ స్తంభము కూలిన దినమున ఏమగునో దీనివలన తెలియుచున్నది. కావున గురువు నిలిచియుండవలెను. నిలిచియున్న కాలములోనే తన తరువాతి వారిని తయారు చేయవలెను.

మార్పు వలన మేలు కలుగుటయు కలదు. పి.వి. సింధు 2016లో పుల్లెల గోపీచంద్ గారి శిక్షణలో వెండి పతకమును, 2021లో పార్క్ తే-సాంగ్ అను కొరియా దేశీయుని శిక్షణలో కంచు పతకమును గెలిచినది. గురువు మారినను ఆమె యాట చెడలేదు. కాని ఆమెకు పునాది వేసినది అనేక సంవత్సరముల యేకాగ్ర శిక్షణ యని మరువరాదు. గోడ లేచిన పిదప మేస్త్రి మారవచ్చును. పునాది తీయుచుండగా మేస్త్రి దినమున కొకడైనచో ఆ యిల్లు నిలుచునా?

బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతములలో బిడ్డలను కళాశాలకు పంపు తల్లులకు మాదొక మనవి. చేర్చు దినమున ఫీజు లెంత, హాస్టలు కలదా యని అడుగుచున్నాము. వానితో పాటు, “ఆటలు నేర్పువారెవరు? ఎన్నాళ్లుగా నున్నారు? వచ్చే యేడు ఉందురా?” యనియు అడుగుదము. ఏటి కొకమారు ఒప్పందము వ్రాసి, సెలవులు రాగానే పంపివేయు పద్ధతి యున్నచోట, కనీసము డిగ్రీ ముగియు వరకైన ఒకరినే యుంచుడని కోరుదము. వెళ్లక తప్పనివారు, ఏ పిల్ల ఏమి యాడునో, ఎవరి యింటివారితో మాట్లాడితిరో, ఎవరు ఏ బస్సులో పోవుదురో వ్రాసి తరువాతి వారి చేతి కిచ్చి పోవలెను. దీనికి ఖర్చేమియు లేదు. ఒక నోటు పుస్తకము చాలును.

ఆ దివిసీమ తల్లికి నాడు మేము చెప్పలేకపోయిన మాట యిది: “అమ్మా, నీ భయము తప్పు కాదు. నీ బిడ్డను ఆపినది నీవు కావు. బస్సు వచ్చు వరకు నిలబడు మనిషిని ఆ కళాశాల నిలుపుకొనలేకపోయినది.” ఆమె రెండవ కుమార్తె వచ్చే యేట కళాశాలలో చేరనున్నది. ఆ బాలికకైనను మైదానములో తెలిసిన ముఖ మొకటి, మూడేండ్లు మారని ముఖము, కనబడవలెనని మా కోరిక.